మగ్గం ఆగిన రోజులకు లెక్క

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పదేళ్లు దాటాక మనలో చాలామందికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏదైనా మంచి పని చెయ్యాలి, అదీ సొంతంగా చెయ్యాలి అన్న జబ్బు. నాకూ పట్టుకుంది. మాది కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు. చిన్నప్పుడు మా వీధిలో నిద్ర లేచేదే మగ్గాల చప్పుడుకి. అందుకని బెంగుళూరులో ఒక స్నేహితుడూ నేనూ కలిసి డిజైన్ వ్యాపారం మొదలెడదామనుకున్నాం. డిజైన్లు మేమిస్తాం, నేతవాళ్లు నేస్తారు, నెట్లో అమ్ముతాం. ప్రెజెంటేషన్లో మొదటి స్లైడు 'మా విలువలు'. చాలా బాగొచ్చింది లెండి ఆ స్లైడు.

పన్నెండు డిజైన్లు లాప్‌టాప్‌లో వేసుకుని, మా నాన్న స్నేహితుడు ఒకాయన ఇంటికెళ్లాను. చిన్నాయనా అని పిలుస్తాను. ఆయన గుంట మగ్గంలోంచి లేవకుండానే అన్నీ చూశాడు.

"బాగుండాయి నాయనా. అట్టలు కొట్టిచ్చి, మగ్గానికి ఎక్కిచ్చి, సరిజేసుకునేదానికి ఐదారు దినాలు పడతాది. ఆ దినాలకు మజూరి ఎవురిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. అమ్ముడయ్యాక లాభంలో వాటా ఇస్తాం చిన్నాయనా అన్నాను. ఆయన తల ఊపాడు, అంతే.

మనవాళ్లకి అట్టల సంగతి సులువుగానే అర్థమవుతుంది. జకార్డ్ అట్టలో చిల్లుంటే ఆ పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒకటి, సున్నా. ఒక్కో పేక వరసకి ఒక్కో అట్ట. అంటే 240 వరసల అంచుకి 240 అట్టలు. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో తెచ్చిన పద్ధతి ఇది. మన కంప్యూటర్ల పంచ్ కార్డులకి ఒక రకంగా తాత. తేడా ఏంటంటే, మనం ఒక లైను మార్చి మళ్లీ రన్ చేస్తాం. ఆయన డిజైన్ మారిస్తే మగ్గం ఆగుతుంది. మజూరి నేసిన చీరకే గానీ, కూర్చున్న రోజుకి కాదు. పైగా కండెలు చుట్టేది చిన్నమ్మ. ఇద్దరి పనికీ కలిపి ఒకటే మజూరి.

మొదటి శాంపిల్ పోయింది. తప్పు నాదే. ముదురు ఎరుపు పడుగు మీద పసుపు పేక, స్క్రీన్ మీద మెరిసిపోయింది. నేశాక రెండు రంగులూ కలిసి ఇటుక పొడిలా తేలింది. మరో రెండు సవరణలు చేయించాను. మొత్తం పదకొండు రోజులు. ఎవరూ కొనలేదు కాబట్టి లాభమూ లేదు, వాటా లేదు. ఒకటో తారీఖున నా జీతం మాత్రం నా ఖాతాలో ఠంచనుగా పడింది. ఆఫీసులో నేను పారేసిన ప్రోటోటైపులు ఎన్నో! ఒక్కదానికీ నా జీతం కోయలేదు. ఆ రాత్రి 'మా విలువలు' స్లైడు తెరిచి చూసుకుంటే నిజంగా సిగ్గేసింది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను పుట్టిన ఊరి కథే. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే, ఆయనకి పద్మశ్రీ వచ్చింది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన దేశానికి డిజైన్ ఎలా ఉండాలో నివేదిక రాసింది 1958లో. దాని ఫలితంగా అహ్మదాబాదులో ఎన్ఐడీ వచ్చింది 1961లో. అంటే డిజైన్, సమాజం అని మనం ఇప్పుడు మాట్లాడుకునేదానికి రెండు దశాబ్దాల ముందే మా ఊళ్లో ఒక ఏర్పాటు ఉంది. సహకార సంఘం లెక్క సూటిగా ఉంటుంది. నూలు సంఘం ఇస్తుంది, బట్ట సంఘం తీసుకుంటుంది. మిగిలితే సభ్యులది, మిగలకపోతే ఆ భారం ఒక్కడి నెత్తిన పడదు. మా సంఘానికి ఇప్పుడు వెనకటి వైభవం లేదు, నిజమే. కానీ నష్టం ఎవరు మోయాలి అన్న ప్రశ్నని వాళ్లు ముందే వేసుకున్నారు. మేం వేసుకోలేదు.

చిన్నాయనకి ఆ పదకొండు రోజుల డబ్బు ఇచ్చాను. ఆయన వద్దనలేదు, సంతోషమూ చూపించలేదు. "ముందే అనుకునింటే బాగుండు" అన్నాడు. ఆ తర్వాత పన్నెండు డిజైన్లని రెండుకి తగ్గించాం. శాంపిల్ రోజులకి రోజు లెక్కన డబ్బు, అమ్ముడైనా కాకపోయినా. వానాకాలం గుంటలో చెమ్మెక్కి మగ్గం ఆగితే గడువు జరుగుతుంది. మా సీమలో వాన పడితే రైతు నవ్వుతాడు, నేతాయన గుంటలోకి చూసుకుంటాడు. ఈ సంగతి మా ప్రాజెక్ట్ ప్లానులో ఎక్కడా లేదు మరి!

నా స్నేహితుడికి ఇది నచ్చలేదు. ఇలా అయితే ఏ ఇన్వెస్టరూ రాడన్నాడు. ఆయన లెక్క తప్పని అనను. విడిపోయాం. కొంచెం బాధపడ్డాను కూడా. పదిహేనేళ్ల స్నేహం.

ఇప్పుడు ఎమ్మిగనూరులో రెండు మగ్గాలు, కడప జిల్లాలో ఒంటిమిట్ట దగ్గరి మాధవరంలో ఒకటి. అంతే మా వ్యాపారం. ఇంకా లాభం రాలేదు, నేనూ ఉద్యోగం మానలేదు. ఎన్నాళ్లు నడపగలనో కూడా చెప్పలేను. నెలాఖరున లెక్క చూస్తే శాంపిల్ రోజుల ఖర్చే అన్నిటికంటే పెద్దగా కనిపిస్తుంది. తీసెయ్యాలనిపించిన నెలలూ ఉన్నాయి.

మీలో ఎవరైనా ఇలాంటిది మొదలెట్టాలనుకుంటుంటే నాదొక్కటే సలహా. విలువల స్లైడు చెయ్యకముందే ఖర్చుల షీటు తెరవండి. మన ప్రయోగం పాడైన రోజున ఎవరింట్లో డబ్బు తగ్గుతుందో అందులో రాసుకోండి. అక్కడ మీ పేరు లేకపోతే, ఇంకోసారి ఆలోచించుకోండి. ఏమంటారు?