హద్దురాయి

కనిగిరి ప్రాంతపు భూగర్భజలానికి పాత అపఖ్యాతి ఉన్నది. 1937 లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరైడు వ్యాధిని గురించి వ్రాసిననాటికి కనిగిరి ఆ జిల్లాలోనిదే. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినది 1970 లో. గోధుమరంగు మచ్చలు పడిన పళ్లు, వంగని నడుములు మేము చిన్ననాటినుండి చూస్తూ పెరిగినవే.

అటువంటి ఒక పల్లెలో మా ఫూఫీ పెరటిలో బోరు వేయించి, ప్లాస్టిక్ సీసా నిండా నీరు పంపింది. "బేటా, ఈ నీళ్లు తాగవచ్చునా? కాచి తాగితే సరిపోతుందా?" అని అడిగింది. కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వేసవి సెలవుల తరువాత ప్రయోగశాల తెరచిన మొదటిరోజున ఆ నీటికి బఫరు ద్రావణం కలిపి కొలిచాను. లీటరుకు 1.4 మిల్లీగ్రాములు వచ్చినది. మన దేశపు ప్రమాణం 1.0, వేరు ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతి. "తాగవచ్చును ఫూఫీ" అని కబురు పంపాను.

ఈ కొలతలో రెండు ఎలక్ట్రోడులు నీటిలో మునిగి ఉంటాయి. ఒకదాని కొసన లాంథనం ఫ్లోరైడు స్ఫటికం ఉంటుంది. 1966 లో ఫ్రాంట్, రాస్ అనువారు వెలువరించిన సాధనమది. నీటిలోని ఫ్లోరైడునుబట్టి దాని వోల్టేజి మారుతుంది. రెండవది నిర్దేశ ఎలక్ట్రోడు. గాజుగొట్టంలో పొటాషియం క్లోరైడు ద్రావణం, అందులో సిల్వర్ క్లోరైడు పూత పట్టిన వెండితీగ, కొసన సన్నని రంధ్రాలుగల బిరడా. దాని పని మారకుండా ఉండటం. పొలం కొలిచేటప్పుడు హద్దురాయి ఎటువంటిదో ఇదీ అటువంటిదే. రాయి జరిగితే గొలుసు ఎంత సరియైనదైనా కొలత తప్పే.

అందరి మర్యాద మొదటిదానికే. రెండవదానిని ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకొనలేదు. దాని లోపలి ద్రావణం ఎప్పుడూ బయటి నీటిమట్టంకంటె ఎత్తుగా ఉండాలి. అప్పుడే అది బిరడాగుండా కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. కొలిచేటప్పుడు పైరంధ్రం తెరవాలి, దాచేటప్పుడు మూయాలి. కొసను పొటాషియం క్లోరైడు ద్రావణంలోనే ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్‌లో కాదు. నేను సెలవులకు వెళుతూ దానిని పొడిగా బల్లమీద వదలిపోయాను. మండువేసవిలో ద్రావణం ఎండి ఉప్పు బిరడాను పూడ్చివేసినది. తిరిగివచ్చి పైన కాస్త ద్రావణం పోసి, సెలవులకు ముందు గీసిన గ్రాఫుతోనే లెక్కకట్టాను. ఆ బద్ధకమే అసలు నేరం.

పదిహేను రోజులకు విద్యార్థుల ప్రయోగం కోసం 1.0 మిల్లీగ్రాము ప్రామాణిక ద్రావణం పెడితే 0.68 చూపినది. నా గుండె జారినది. బీరువాలోని రెండవ నిర్దేశ ఎలక్ట్రోడును తెచ్చి, రెండింటినీ ఒకే పొటాషియం క్లోరైడు ద్రావణంలో ముంచి మీటరుకు కలిపాను. తేడా దాదాపు సున్నా కావలసినది, 10 మిల్లీవోల్టులున్నది. చూపుకు అల్పమే. కాని 59 మిల్లీవోల్టులు మారితే ఫ్లోరైడు పదింతలు మారినట్లు లెక్క. ఒక్క మిల్లీవోల్టుకే నూటికి నాలుగు పాళ్లు తప్పు.

పాత ద్రావణం పారబోసి, కొసను గోరువెచ్చని నీటిలో ఉంచి ఉప్పు కరిగించి, కొత్త ద్రావణం నింపి రాత్రంతా నానబెట్టాను. మరునాడు గ్రాఫు మళ్లీ గీసి, సీసా అడుగున మిగిలిన నీటిని కొలిచాను. 2.1.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. ఫూఫీ అంతా విని, "నేనొక్కదాననే తాగలేదు బేటా, చదువుకున్నవాడు చెప్పాడని ఇరుగుపొరుగుకు కూడా బిందెలతో ఇచ్చాను" అన్నది. చెంగు తలమీదికి లాగుకొని లేచినది. ఆమె ముందు, నేను వెనుక, ఆ వీధిలోని ఆరు ఇళ్ల గుమ్మాలలో నిలబడి నా తప్పు చెప్పుకొన్నాను.