ముక్కు దూలం వంకరైతే ఆపరేషనేనా?

"దూలం వంకరుందట సార్, ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అంటూ స్కాన్ ఫిల్ము చేతికిచ్చేవాళ్లు మా ఓపీకి తరచూ వస్తారు. నిజానికి దూలం అచ్చంగా నిటారుగా ఉన్న ముక్కులు తక్కువ. చాలామందికి అది ఎంతో కొంత ఒరిగే ఉంటుంది, వాళ్లకు ఏ బాధా ఉండదు. అందుకే ఫిల్ము పక్కన పెట్టి ముందు ఒక మాట అడుగుతాను: దిబ్బడ ఎప్పుడూ ఒకే పక్కనా, పక్కలు మారుతోందా? మారుతుంటే అది చాలావరకు లోపలి పొర వాపు. దూలం సరిచేసినంత మాత్రాన అది పోదు.

ఒక ఆటో డ్రైవరు అలాగే వచ్చాడు. చొక్కా జేబులో మెడికల్ షాపులో కొన్న చుక్కల మందు. అది లేకుండా నిద్రపట్టదన్నాడు. ఆ చుక్కలు నాలుగైదు రోజులకు మించి వేసుకోకూడదు. మించితే మందు పని తగ్గగానే పొర ఇంకా ఉబ్బుతుంది, మళ్లీ చుక్క వేయాలి. అతను నెలల తరబడి ఆ సుడిలోనే ఉన్నాడు. చుక్కలు మాన్పించి, స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మొదలుపెట్టించాను. మొదటి రోజుల్లో రాత్రుళ్లు కూర్చునే గడిపాడు పాపం. కొన్ని వారాలకు గాలి బాగా ఆడింది. అతని దూలం ఇప్పటికీ వంకరే. దాని జోలికి నేను పోలేదు.

క్రికెట్ బంతి తగిలిన ఇంజనీరింగ్ కుర్రాడి సంగతి వేరు. కుడిపక్క పూర్తిగా మూసుకుపోయింది, స్ప్రేలతో లాభం లేదు. ఇలాంటివాళ్లకు దూలం సరిచేసే సెప్టోప్లాస్టీ మంచి ఆపరేషన్. కోత ముక్కు లోపలే, బయట మచ్చ పడదు. పొరను పైకెత్తి, వంగిన మృదులాస్థిని, ఎముకను సరిచేస్తాం. పైన, ముందు కొంత పట్టీ మాత్రం వదలాలి, లేకపోతే ముక్కు కుంగుతుంది. రెండు వారాలు ముక్కు చీదవద్దని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పంపిస్తాను. అలర్జీ తుమ్ములు మాత్రం ఈ ఆపరేషన్‌తో తగ్గవు.

ఆస్తమా ఉన్న ఒక గృహిణికి పోపు మాడినా వాసన తెలిసేది కాదు. రెండు పక్కలా పాలిప్స్, అంటే పొర ఉబ్బి వేలాడే మెత్తటి బుడిపెలు. ఎండోస్కోపుతో తీశాం. అక్కడ కంటికీ మెదడుకూ అడ్డుగా ఉన్నవి పలుచటి ఎముకలే కాబట్టి ఇక్కడ ముందుగా సీటీ స్కాన్ తప్పనిసరి. పాలిప్స్ మళ్లీ వస్తాయని, స్ప్రే ఆపొద్దని ఆపరేషన్‌కు ముందే చెప్పాను. ఊపిరి బాగా ఆడుతోంది కదా అని ఆమె మానేసింది. మళ్లీ వచ్చాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ముక్కు లోపలి పక్కగోడల మీదుండే మడతలను, అంటే టర్బినేట్లను, మొదలంటా కోసేయడం. గాలిని తడిపి, వెచ్చబరిచి పంపేవి అవే. వాటిని తగ్గించవచ్చు, తీసేయకూడదు. మరోచోట అలా తీయించుకుని వచ్చినామె ముక్కులో దారి విశాలంగా ఉంది. అయినా "ఊపిరి అందడం లేదు డాక్టర్ గారూ" అని ఏడ్చింది. పోయినదాన్ని తిరిగి పెట్టే మార్గం నా దగ్గర లేదు.

ఆపరేషన్ అంటే భయపడొద్దు, తొందరా పడొద్దు. అడ్డు సరిగ్గా ఎక్కడుందో, మందులు తగినంతకాలం వాడి చూశారో లేదో, తర్వాత ఏం వాడాలో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి. ఒకే పక్క దిబ్బడతో పాటు రక్తం వస్తున్నా, పిల్లల ముక్కులో ఒక పక్క నుంచే దుర్వాసనతో చీము కారుతున్నా ఆలస్యం చేయక ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.