చిన్న పడవ చెప్పిన చోటికే!

ఏడు తెరచాప పడవలు. పదహారు మంది. రెండు రోజుల విహారం. గాలి మన మాట వినదు, పడవలన్నీ ఒకే వేగంతో పోవు. మరి ఇంతమందినీ కలిపి తీసుకెళ్లి, కలిపి తీసుకురావడం ఎలా? అమెరికాలోని చీసపీక్ అఖాతంలో ఓ వారాంతం గడిపాక తెలిసింది.

అక్కావాళ్లు ఉండేది మేరీల్యాండ్‌లో. గత జూలైలో నేను వెళ్లేసరికి బావగారు మంచి హుషారుగా ఉన్నారు. ‘శనివారం మా పడవల బృందంతో వెళుతున్నాం, నువ్వూ వస్తున్నావు’ అనేశారు. పడవంటే ఏ పెద్ద ఓడో అనుకునేరు! 22 అడుగుల పాత క్యాటలినా. ట్రెయిలర్ మీద పెట్టి కారు వెనక లాక్కుపోవచ్చు. లోపల నలుగురు ఒదిగి పడుకునే చోటు, ఓ బుల్లి స్టవ్వు. ఈ రకం పడవలు 15 వేలకు పైగా తయారయ్యాయట. అడుగున ఉండే బరువైన ఇనుప పలకను పైకి లాగేస్తే రెండడుగుల నీళ్లలోనూ తేలుతుంది.

చీసపీక్‌కు సరిగ్గా సరిపోయే పడవ అది. ఈ అఖాతం పొడవు 320 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం 21 అడుగులే. లోతు తక్కువ కదా, భయమేముంది అనుకున్నాను. ‘అదే చిక్కు. లోతు లేనిచోట గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వచ్చి గుద్దుతాయి’ అన్నారు బావగారు.

శుక్రవారం రాత్రి లెక్కలు

విహారానికి నాయకురాలు ఓ రిటైర్డ్ టీచరమ్మ. శుక్రవారం రాత్రి అందరినీ కూర్చోబెట్టి మ్యాపు పరిచారు. అనాపొలిస్ నుంచి సెయింట్ మైకేల్స్ వెళ్లాలన్నది ప్రణాళిక. పాత పడవలు, పీతల వంటకాలకు పేరున్న ఊరు. 1879లో కట్టిన ఓ లైట్‌హౌస్‌ను అక్కడి మ్యూజియానికి తరలించి నిలబెట్టారు. నీటిదారిన సుమారు 25 నాటికల్ మైళ్లు. అంటే 46 కిలోమీటర్లు. కారులో అయితే అదెంత? పడవకు మాత్రం గంటకు నాలుగు నాటికల్ మైళ్లు నడిస్తే గొప్ప. గాలి ఎదురొస్తే నేరుగా పోలేదు, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పోవాలి.

టీచరమ్మ లెక్క పెద్ద పడవతో మొదలవలేదు. అన్నిటికన్నా చిన్నదైన 19 అడుగుల పడవ ఎప్పటికి చేరుతుందో ముందు అడిగారు. దాని యజమాని కొత్తవాడు. భార్యనీ, తొమ్మిదేళ్ల కూతుర్నీ తెచ్చుకుంటున్నాడు. ‘మాది మూడు మైళ్లకు మించదండీ’ అన్నాడు మొహమాటంగా. ఎనిమిదింటికి బయల్దేరితే చేరేసరికి సాయంత్రం నాలుగు దాటుతుంది. ఆ అంకె కాగితం మీద పెద్దగా రాసుకున్నారావిడ.

తర్వాత మిగతా పనులు. మాట్లాడుకోవడానికి రేడియోలో 72వ చానెల్. ఆపదలో పిలవడానికి 16. ప్రతి పడవా ఎవరెవరు ఎక్కారో, ఎక్కడికెళుతున్నారో, ఎప్పటికి వస్తారో రాసి ఒడ్డున ఒకరి చేతిలో పెట్టాలి. చెప్పిన వేళకు కబురు రాకపోతే కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ చేసేది ఆ మనిషే. అక్క ఆ చీటీని ఫ్రిజ్‌కు అంటించింది. పులిహోర కలిపి డబ్బాలో పెట్టిచ్చింది.

మారిన దారి

శనివారం ఉదయం ఏడింటికి రేడియోలో వాతావరణ సూచన... మధ్యాహ్నం మూడు తర్వాత ఉరుములు, ఈదురుగాలులు. చీసపీక్‌లో వేసవి మధ్యాహ్నాలకు ఇది మామూలే. కానీ నాలుగింటికి చిన్న పడవ ఎక్కడుంటుంది? నడి నీళ్లలో.

చిన్న పడవాయన ముందుకొచ్చి, ‘మా వల్ల మీ విహారం ఎందుకు చెడాలి? మేం ఆగిపోతాం, మీరు వెళ్లండి’ అన్నాడు. ఆ పాప తలొంచుకుంది. పెద్ద పడవలాయన సెయింట్ మైకేల్స్‌లో భోజనానికి టేబుల్ కూడా చెప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ లైట్‌హౌస్ చూడాలనే ఉంది. టీచరమ్మ క్షణం ఆలోచించి, ‘మనుషుల్ని వదిలేయడం కన్నా ఊరిని వదిలేయడం తేలిక. రోడ్ రివర్‌కు పోదాం’ అన్నారు. అందులో సగం దూరం కూడా లేదు. చుట్టూ చెట్లు, గాలికి అడ్డు. పెద్ద పడవాయన గొణుక్కుంటూనే తాళ్లు విప్పాడు.

దారిలో థామస్ పాయింట్ లైట్‌హౌస్ కనిపించింది. నీటి మధ్యన ఇనుప కాళ్ల మీద ఆరు మూలల తెల్లని ఇల్లు! 1875 నుంచి అక్కడే నిలబడి ఉంది. ఒకటి పోతే ఇంకొకటి దొరికిందనుకున్నాను.

పడవల వీధి

ఒంటిగంటకల్లా ఏడు పడవలూ చేరాయి. పెద్ద పడవ లంగరు వేసింది. మిగిలినవి రబ్బరు తిత్తులు అడ్డుపెట్టి అటూ ఇటూ వచ్చి తాళ్లతో కట్టుకున్నాయి. తెరచాప స్తంభాలు ఒకే వరుసలో రాకుండా కాస్త ముందూ వెనకా కట్టాలట. లేదంటే అల వచ్చినప్పుడు తలలు కొట్టుకుంటాయి! ఒక పడవలోంచి మరో పడవలోకి దాటుకుంటూ భోజనాలు. మసాలా పట్టించి ఆవిరి మీద ఉడికించిన పీతలు ఇటొచ్చాయి, మన పులిహోర అటెళ్లింది. నీళ్లలో దూకుదామంటే జెల్లీ చేపలు. జూలైలో వాటిదే రాజ్యం.

మూడింటికి టీచరమ్మ చప్పట్లు కొట్టారు. ‘ఇక విడిపోదాం.’ కట్టగట్టి ఉన్న పడవలకు గాలివాన పడదు. ఒకదాన్నొకటి బాదుకుంటాయి. ఎవరి లంగరు వాళ్లు దూరందూరంగా వేసుకున్నారు. నీటి లోతు 8 అడుగులు, పడవ ముక్కు ఎత్తు మరో రెండు. కలిపితే పది. దానికి ఏడింతలు, 70 అడుగుల తాడు వదిలారు బావగారు.

నాలుగు దాటాక పడమర నల్లబడింది. ఒక్కసారిగా గాలి. ఎదుటి పడవ కనబడనంత వాన. మా పడవ తాడు చివర గింజుకుంది. లైఫ్‌జాకెట్ పట్టీ పట్టుకుని కూర్చున్నాను. అరగంటే. నాకు మాత్రం చాలాసేపనిపించింది. బావగారు తడిసిన మ్యాపు మీద నడి అఖాతంలో వేలు పెట్టి, ‘ఇప్పుడు మనం ఇక్కడ ఉండేవాళ్లం’ అన్నారు. ఇంకేం మాట్లాడలేదు.

వాన తెరిపిచ్చింది. 72వ చానెల్లో టీచరమ్మ గొంతు. ఒక్కో పడవనూ పేరుపెట్టి పిలుస్తున్నారు, చిన్నదానితో మొదలుపెట్టి. ముందుగా పలికింది ఆ పాపే. ‘మేం బాగున్నాం!’ ఆరు పడవల్లోంచి ఈలలు. అందరికన్నా గట్టిగా ఈలేసింది... టేబుల్ చెప్పుకున్న పెద్దాయన.

సెయింట్ మైకేల్స్ నేనింకా చూడలేదు. ఆదివారం మధ్యాహ్నానికి ఏడు పడవలూ అనాపొలిస్ చేరాయి. అక్క ఫ్రిజ్ మీది చీటీ తీసేసింది. తిరుపతికైనా, అరకుకైనా బంధువులందరం కలిసి బయల్దేరేటప్పుడు ఇప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఆ ప్రశ్నే... మనలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ఎప్పటికి చేరతారు?