స్టాండు కింద బిళ్ళ

మోటారు సైకిలు దిగేవాళ్ళు ఎడమకాలితో ఒక ఇనపకాలును కిందికి తోస్తారు, చూశారా? బండి దానిమీదికి కాస్త ఒరిగి నిలబడుతుంది. దాన్ని సైడు స్టాండు అంటారు. తారురోడ్డు మీద దీన్ని గురించి ఎవరికీ బెంగ ఉండదు. కాని మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, నల్లరేగడి నేల. ఎండాకాలంలో ఆ నేల రాయిలాగా బిగిసి నెర్రెలు విచ్చుతుంది. వాన పడిందంటే మైనంలాగా మెత్తబడిపోతుంది. అటువంటి చోట స్టాండు వేసిన బండి మొదట బాగానే నిలబడినట్టు కనిపిస్తుంది. తరవాత స్టాండు చివర మెల్లిగా మట్టిలోకి దిగుతుంది. బండి ఇంకొంచెం ఒరుగుతుంది. ఒరిగినకొద్దీ స్టాండు మీద బరువు ఎక్కువవుతుంది, బరువు ఎక్కువైనకొద్దీ అది ఇంకా దిగుతుంది. ఆఖరుకు ఎవరూ చూడని సమయంలో బండి కాస్తా పడుకుంటుంది.

మా నాన్న ధాన్యం మిల్లులో ఫిట్టరు. 2008లో, నేను అయిదో తరగతి చదువుతూండగా, ఆయన ఒక రైతు ఆయిలింజను బాగుచెయ్యటానికి వెళ్ళి బండిని చేలగట్టు మీద ఆపాడు. పని ముగించుకుని వచ్చేసరికి బండి పంటబోదెలో ఉన్నది. క్లచ్చి పిడి విరిగింది, అద్దం పగిలింది.

మరునాడు నాన్న ఒక చిత్రమైన పని చేశాడు. మిల్లులో బస్తాలు తూచే కాటా మీద బండి స్టాండును ఆనించి, చక్రాల కింద కూడా అంతే ఎత్తుగల చెక్కలు పెట్టాడు. కాటా 30 కిలోలు చూపింది. స్టాండు చివర నేలకు ఆనే భాగం పొడుగు 4 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్లు. అంటే 8 చదరపు సెంటీమీటర్ల చోటుమీద 30 కిలోలు నిలబడుతున్నాయన్నమాట. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద దాదాపు 4 కిలోలు!

"బరువును మనం తగ్గించలేం, చోటును పెంచుదాం," అన్నాడు నాన్న.

బాతు బురదలో హాయిగా నడిచిపోతుంది. కోడి కాళ్ళు మాత్రం దిగబడతాయి. బాతు వేళ్ళ మధ్య చర్మం ఉండి పాదం విశాలంగా ఉండటమే ఇందుకు కారణం. నాన్న 9 సెంటీమీటర్ల పొడుగూ 8 సెంటీమీటర్ల వెడల్పూ గల ఇనపబిళ్ళ ఒకటి తయారుచేసి స్టాండు కింద బిగించాడు. ఆ 30 కిలోలే ఇప్పుడు 72 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకున్నాయి. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు అరకిలో కూడా రాలేదు. మనిషి ఒంటికాలి మీద నిలబడితే నేలమీద పడే ఒత్తిడి దాదాపు అంతే ఉంటుంది.

"ఇంకా పెద్దది చెయ్యకూడదూ, నాన్నా?" అని అడిగాను.

నాన్న నన్ను బండి పక్కన కూచోబెట్టి చూపించాడు. బిళ్ళ మరీ పెద్దదైతే ఎడమవైపుకు మలుపు తిరిగేటప్పుడు బండి వంగి, బిళ్ళ అంచు రోడ్డుకు గీసుకుంటుంది. పోయే బండికి అది ప్రమాదం. స్టాండు పైకి మడిచినప్పుడు బిళ్ళ గొలుసుకు గాని, పొగగొట్టానికి గాని తగలకూడదు. పోనీ మందంగా చేద్దామంటే, మందం పెరిగితే స్టాండు పొడుగైనట్టే. అప్పుడు బండి ఒరగవలసినంత ఒరగకుండా నిటారుగా నిలబడుతుంది, గాలి విసిరితే అవతలి పక్కకు పడుతుంది. అందుకని ఆయన కింది బిళ్ళను 4 మిల్లీమీటర్ల రేకుతోనే చేశాడు. దానిపైన స్టాండు కాలు పట్టే గాడితో మరొక రేకు పెట్టి, స్టాండు పాదాన్ని రెండింటి మధ్యా ఇరికించి మూడు బోల్టులు బిగించాడు. వెల్డింగు చెయ్యలేదు. బండి అమ్మేటప్పుడు బిళ్ళను విప్పుకోవచ్చునని ఆయన ఆలోచన.

ఇది అక్కడితో ఆగిపోవలసిన సంగతే. కాని మా ఊరి పాలాయన బండి ఆ వానాకాలమే పడిపోయింది. రెండు పక్కలా రెండు క్యాన్లు, 40 లీటర్ల పాలు, ఊరిముందు బురదలో కలిసిపోయాయి. ఆయన క్యాన్లు కడుక్కుని తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"మేస్త్రీగారూ, మీ బండికి వేసిన చెప్పు నా బండికీ వెయ్యండి," అన్నాడు.

ఆయన బండి వేరే రకం. స్టాండు పాదం వంకరగా ఉన్నది. మాకు కుదిరిన బిళ్ళ దానికి కుదరదు. నాన్న తడిమట్టి ముద్దచేసి, స్టాండును అందులో నొక్కించి అచ్చు తీశాడు. ఆ అచ్చును చూసి డబ్బారేకుతో నమూనా కత్తిరించాడు. తరవాత వచ్చిన ప్రతి కొత్తరకం బండికీ ఇలాగే చేశాడు. మా వసారా గోడకు మేకులు కొట్టి పదకొండు నమూనాలు తగిలించాడు. బోల్టుల రంధ్రాలు ప్రతిసారీ కొలవనక్కరలేకుండా, మందపాటి ఇనపముక్కకు మూడు బెజ్జాలు పెట్టి ఉంచుకున్నాడు. దాన్ని కొత్తరేకు మీద పెట్టి ఆ బెజ్జాలలోనుంచే డ్రిల్లు దించేవాడు. ఏ బిళ్ళ తీసినా రంధ్రాలు ఒకేచోట ఉండేవి. తన బండికి ఒక్కటి చేసుకునేవాడు ఎలా చేసినా ఫరవాలేదు, ఆకురాయి పెట్టి సరిచేసుకుంటాడు. నూరుమందికి చేసేవాడికి మాత్రం ఈ మూడు బెజ్జాల ముక్కే ప్రాణం. నన్నడిగితే, నాన్న చేసిన వస్తువులన్నిటిలోకీ అదే గొప్పది.

ధర దగ్గర అమ్మ కలగజేసుకున్నది. ఇనుముకు 22 రూపాయలు, బోల్టులకు 6, రంపపు బ్లేడు అరుగుదలా డ్రిల్లు అరుగుదలా కరెంటూ కలిపి 7, మొత్తం 35 అయింది. నాన్న 40 రూపాయలు పుచ్చుకుందామన్నాడు.

"రెండు గంటలు కూచుని ఆకురాయి పెట్టారు గదండీ! ఆ రెండు గంటల ఖరీదు అయిదు రూపాయలేనా?" అన్నది అమ్మ.

మూడు బెజ్జాల ముక్క వచ్చాక పని ముప్పావుగంటకు తగ్గింది. ధర 70 రూపాయలని అమ్మే తేల్చింది. ఎవరు కొన్నదీ, ఏ ఊరో, ఏ బండో కూడా ఒక నోటుబుక్కులో రాసేది. మిల్లు జీతం మీద అది వేడినీళ్ళకు చన్నీళ్ళ లాగా ఉండేది.

ఆ నోటుబుక్కు ఎంత అవసరమో నాలుగు నెలల తరవాత తెలిసింది. ఒకాయన వచ్చి, దారిలో బిళ్ళ ఊడి పడిపోయిందని చెప్పాడు. ఇంజను అదురు ఎడతెగకుండా తగిలితే మామూలు నట్టు కాస్త కాస్తగా వదులవుతుంది. ఆ ఇనపబిళ్ళ వెనకనుంచి వచ్చే బండి చక్రం కింద పడి ఉంటే? నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అప్పటికి 23 బిళ్ళలు అమ్మాడు. లోపల నైలాను వలయం ఉండే నట్లు తెచ్చాడు. ఆ వలయం బోల్టు మరను గట్టిగా కరుచుకుని ఉంటుంది, అదురుకు వదలదు. వరసగా మూడు ఆదివారాలు నోటుబుక్కు చూసుకుంటూ ఊరూరా తిరిగాడు. నేను వెనక కూచుని నట్ల డబ్బా పట్టుకునేవాణ్ణి. ఒకాయన బండిని మచిలీపట్నంలో ఎవరికో అమ్మేశాడంటే అక్కడికీ వెళ్ళాం. కొన్నాయన మమ్మల్ని చూసి, బాకీ వసూలుకు వచ్చామనుకుని ముందు తలుపు తియ్యలేదు!

నాన్న మొదట్లో విజయవాడ ఆటోనగరులో లారీబాడీలు కట్టే షెడ్లనుంచి తుక్కురేకులు కిలోల లెక్కన తెచ్చేవాడు. కావలసిన మందం దొరకకుండా పోయాక కొత్తరేకు కొనవలసి వచ్చింది, ధర 85 అయింది. జపానులో హమమత్సు పట్నంలో సోయిచిరో హోండా అనే ఆయనకు కూడా ఇటువంటి ఇబ్బందే వచ్చింది. 1946లో ఆయన, సైన్యంవారి వైర్‌లెస్ యంత్రాలకు విద్యుత్తు పుట్టించిన చిన్న ఇంజన్లు మిగిలిపోతే, వాటిని మామూలు సైకిళ్ళకు బిగించి అమ్మాడు. మొట్టమొదట చేసి చూసిన బండికి పెట్రోలు తొట్టి ఏమిటనుకున్నారు? చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ డబ్బా! దొరికిన ఇంజన్లు సుమారు 500. అవి అయిపోయాక ఆయన 1947లో సొంత ఇంజను తయారుచేశాడు, 1948లో కంపెనీ పెట్టాడు.

మా నాన్న కంపెనీ పెట్టలేదు, మిల్లు ఉద్యోగమూ మానలేదు. అయిదేళ్ళలో 311 బిళ్ళలు చేశాడు. ఆ డబ్బుతో ఒక పాత డ్రిల్లింగు మిషను కొన్నాడు, మా అక్క కాలేజీ ఫీజు ఒక ఏడాది కట్టాడు. ఆ తరవాత ఇటువంటి బిళ్ళలు దుకాణాలలో తయారుగా దొరకసాగాయి. మా ఊళ్ళో వీధులకు సిమెంటు కూడా పోశారు. 2013 వానాకాలంలో మా ఇంటికి వచ్చినవాళ్ళు నలుగురే.

పాలాయన మాత్రం కొత్తబండి కొన్నప్పుడల్లా వచ్చి కొత్త బిళ్ళ చేయించుకునేవాడు. పాతబిళ్ళ తిరిగి ఇమ్మంటే ఇచ్చేవాడు కాడు. వాటిని పాకలో గేదెల కుడితితొట్టి కింద పెట్టుకున్నాడు, తొట్టి బురదలోకి దిగకుండా.