రోమ్‌లో తల పైకెత్తి

కొలోసియం పెద్దదే. కానీ ఫోటోల్లో ఎప్పుడో చూసేసినట్టే అనిపించింది. పాంథియాన్‌లో మాత్రం కాళ్లు కదల్లేదు. హాడ్రియన్ చక్రవర్తి కాలం నాటి గుమ్మటం. ఇనుప చువ్వ ఒక్కటీ లేని కాంక్రీటు. వెడల్పు 43 మీటర్లు, నేల నుంచి ఎత్తూ దాదాపు అంతే. పైకి వెళ్లేకొద్దీ తేలికైన రాళ్లు కలిపి పోశారు. నడినెత్తిన తెరిచి ఉంచిన గుండ్రటి కంత. వాన లోపలికే పడుతుంది, నేలలోని చిల్లుల్లోంచి పోతుంది. మన దగ్గర మొన్న కట్టిన వంతెనల సంగతి ఎత్తను. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర నాణేలు విసిరే జనాన్నీ ఏమీ అనను, ఆ చిల్లర పేదల సాయానికి పోతుంది. వెళ్లేవాళ్లకు ఒకటే మాట: నీళ్ల సీసాలు కొనకండి. వీధుల్లోని 'నసోనీ' కుళాయిల్లో చల్లటి మంచినీళ్లు ఉచితం.