తమ్ముడి తూటాలు

తెలుగులో "మందు" అనే మాట ఉన్నది చూశారూ, అంత గడుసు మాట మరొకటి లేదని క్లాసులో పిల్లలకు చెపుతూ ఉంటాను. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంకాలం కొందరు చాటుగా పుచ్చుకునేదీ మందే, మొగుణ్ణి కొంగున ముడివేసుకోవడానికి పెడతారని పూర్వం చెప్పుకున్నదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. నాలుగింటికీ మోతాదే ప్రాణం. "గురి" అన్న మాట కూడా అలాంటిదే. బాణానికి కావలసినదీ గురే, మనిషి మీద ఉండవలసినదీ గురే.

ఎమ్మే తెలుగు చదివి, ఆమదాలవలసలో కాపురముంటూ, కాలేజీలో వ్యాకరణం చెప్పుకునే నాకు తుపాకి మందుతో పనేమిటని మీరు అడగవచ్చు. పని నాకు కాదు, మా తమ్ముడికి. వాడు టెక్సాసులో ఉంటాడు. కంప్యూటరు ఉద్యోగం. అక్కడి పౌరసత్వం వచ్చిన ఏడాదే ఒక రివాల్వరు కొన్నాడు. కొన్నాడుగదా అని ఊరుకున్నాడా? దానికి తూటాలు కూడా తన చేతితోనే కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈ సంగతి మా మరదలు ఫోనులో చెప్పినప్పుడు నాకు వారం రోజులు నిద్ర లేదు. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అక్కడ సొంతానికి కట్టుకోవడం చాలామందికి పెరట్లో కూరగాయలు పండించుకున్నంత మామూలట.

మొన్న వేసవి సెలవుల్లో వెళ్ళి చూశాను. కారు ఉండవలసిన గదిలో ఒక బల్ల, బల్లకు బిగించిన ఇనుప మర, గోడకు పరిశుభ్రతను గురించి వాడే రాసుకున్న చీటీలు. సిగరెట్టు నిషేధం, మాటలు నిషేధం, రేడియో నిషేధం. మా వాడు చిన్నప్పుడు పుస్తకాల సంచీ ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికి ఇల్లంతా లేచేది!

"వదినా, మీ తమ్ముడు దేవుడి గదికైనా ఇంత మడి కట్టలేదు" అంది మా మరదలు.

అక్కడివాళ్ళు గుండు బరువును గ్రెయిన్లలో చెపుతారు. మన తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. మా వాడి రివాల్వరు .44 మాగ్నం అనే రకం, 1955లో పుట్టింది. దానికి మామూలుగా వాడే గుండు 240 గ్రెయిన్లు, అంటే తులమూ మూడో వంతు. మా వాడు పట్టుబట్టి ఎంచుకున్నది 300 గ్రెయిన్ల గుండు. పాత కంసాలి లెక్కలో 160 గురివింద గింజల ఎత్తు. చేతిలో పెడితే చిన్న ఉసిరికాయ పట్టుకున్నట్టుంది.

"ఎందుకురా ఇంత బరువు?" అన్నాను.

"పంది భుజం మీద చర్మం కింద దళసరి కవచంలా ఉంటుందప్పా. తేలిక గుండు వేగంగా పోయి పైనే పగిలి ఆగిపోవచ్చు. రివాల్వరుకు రైఫిలు వేగం రాదు. వేగం లేనిచోట బరువే దిక్కు. బరువైన గుండు నెమ్మదిగానే పోతుంది కాని, పోయినంత మేరా తిన్నగా లోపలికి పోతుంది."

అక్కడ అడవి పందుల బెడద అంతా ఇంతా కాదు. ఐరోపావాళ్ళు తెచ్చుకున్న పెంపుడు పందులే తప్పించుకుని అడవిపట్టి, ఇప్పుడు పొలాలు దున్నేస్తున్నాయి. 2019 సెప్టెంబరు నుంచి సొంతదారు అనుమతి ఉంటే ప్రైవేటు భూముల్లో వాటిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కరలేదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అనే మాటే పుస్తకాల్లోకి పోయింది. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజుగారు క్రికెట్టు జట్టును 1936లో ఇంగ్లండు తీసుకువెళ్ళినందుకు ఎంత పేరుపడ్డారో, పులుల వేటకూ అంత పేరుపడ్డారు. ఆ రోజులు ఆయనతోనే సరి. పోవడమే మంచిదనుకునేవాళ్ళలో నేనొకతెను.

బరువు గుండుతో వచ్చిన చిక్కులు వాడు వరసగా చెప్పుకొచ్చాడు. అర్థమైనంత మట్టుకు చెపుతాను.

మొదటిది వింటే మీరు నమ్మరు. బరువైన గుండు గురికంటే కిందికి దిగబడుతుందని ఎవరైనా అనుకుంటారు గదా? దగ్గర దూరంలో అది పైకి తగులుతుందట! తుపాకి పేలగానే ఎదురుతన్నుకు గొట్టం కొన పైకి లేస్తుంది. బరువు గుండు నిదానంగా కదులుతుంది గనుక గొట్టంలో ఇంకాస్త సేపు ఉంటుంది. అది బయటపడే వేళకు కొన మరికొంచెం లేచి ఉంటుంది. అందుకని గురి చూసుకునే వెనుక మిట్టను మరలతో కిందికి దించుకోవాలి.

రెండోది మరీ విచిత్రం. ఒక తూటా పేలినప్పుడు మిగిలిన అయిదూ చక్రంలోనే ఉంటాయి గదా. తుపాకి వెనక్కి తన్నుతుంది. ఇత్తడి గొట్టాలు దానితోపాటు వెనక్కి వస్తాయి. లోపలి బరువు గుండ్లు మాత్రం రామని మొరాయించి, గొట్టంలోంచి ముందుకు జారతాయి. నాలుగైదు దెబ్బలయ్యేసరికి ఏదో ఒక గుండు ముక్కు బయటికి పొడుచుకువచ్చి చక్రం తిరగకుండా అడ్డుపడుతుంది. ఎదురుగా జంతువు, చేతిలో తిరగని చక్రం! బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు ముందుకు తూలిపడతారే, దానికి తిరగేసిన వ్యవహారం. అందుకని గొట్టం అంచును గుండు చుట్టూ ఉన్న గాడిలోకి గట్టిగా మడిచి నొక్కాలి. కజ్జికాయ అంచు మడవడం సరిగా రాకపోతే నూనెలో విచ్చుకుంటుందే, అంత సంగతీ ఇక్కడా ఉంది.

మూడోది కొలత. చక్రంలోని గది నోటికీ గుండు నడుముకూ అంగుళంలో వెయ్యో వంతు తేడా ఉన్నా కాగితం మీద చిల్లలు చెల్లాచెదురవుతాయి. మా వాడి రివాల్వరులో ఆరు గదులున్నాయి. అయిదు చెప్పినమాట వింటాయి, ఒకటి మొండిది; దాని గుండు ఎప్పుడూ ఎడమకు పోతుంది. నెలల తరబడి ఒక్కొక్క గదిలోంచే కాల్చి చూసి దాన్ని పట్టుకున్నాడు. నా క్లాసులో డెబ్బయిమందిలో ఎవడు అల్లరివాడో కనిపెట్టడానికి నాకు మాత్రం ఒక పూట చాలు.

ఇక మందు. అచ్చువేసిన పుస్తకాల్లో చెప్పిన కింది మోతాదుతో మొదలుపెట్టి, గ్రెయినులో పదో వంతు లెక్కన తేడా చూసుకుంటూ, అయిదేసి తూటాలు కట్టి, యాభై గజాల దూరంలో కాగితం మీద కాల్చి, ఏ మోతాదుకు చిల్లలు దగ్గరగా పడ్డాయో రాసుకుంటాడు. గ్రెయినులో పదో వంతంటే ఒక బియ్యపు గింజ బరువు కూడా ఉండదు. పెద్ద శబ్దంతో పేలే మోతాదు ఎప్పుడూ మంచి మోతాదు కాదట. దానికంటే కొంచెం తక్కువలోనే గురి కుదురుతుందట. ఈ విద్యకు ఆద్యుల్లో ఒకడైన ఎల్మర్ కీత్ అనే అమెరికా పశువుల కాపరి పాత రివాల్వరులో మోతాదు మించి దట్టించి దాన్ని పేల్చేసుకుని, ఆ తరవాతనే .44 రకానికి మారాడు.

ఇదంతా ఒప్పుకున్నాను. నాకు మింగుడుపడనిది మరొకటి. ప్రతి మోతాదూ వాడు మూడుసార్లు తూస్తాడు. తూచి గొట్టంలో పోస్తాడు. పోసిన గొట్టాలన్నీ కొయ్యపలక గుంటల్లో నిలబెట్టి టార్చిలైటు వేసి ఒక్కొక్కదానిలోకీ తొంగిచూస్తాడు. మళ్ళీ ఒకటి రెండు తీసి, మందు వెనక్కి ఒంపి, మళ్ళీ తూస్తాడు. ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే ప్రాణాపాయం గనుక ఆ జాగ్రత్త అవసరమే. కాని మా వాడు చూస్తున్నది ఎక్కువ పడిందేమోనని కాదు, తక్కువైందేమోనని. పక్కన కూర్చున్నదాన్ని కనిపెట్టలేనా?

"ఇన్ని తూటాలతో ఎన్ని పందులు చంపావురా?" అని అడిగాను.

"మూడేళ్ళలో రెండు. నలభై గజాలు దాటితే కాల్చను. పక్కకు తిరిగి నిలబడకపోతే కాల్చను."

ఆ రాత్రి వాడు చెప్పిన మాట చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఊరు సరుబుజ్జిలి దాటి కొండల దిగువన ఉంది. నాన్నకు మూడెకరాల చెరకు ఉండేది. ఆమదాలవలస చక్కెర ఫాక్టరీకి తోలేవాళ్ళం. ఆ ఫాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. పంట కాపలాకని నాన్నకు లైసెన్సుతో ఒక ఒంటిగొట్టం టోపీ తుపాకి ఉండేది. దాని ముందర మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, గజంతో దట్టించి, సీసపు గుండు వేసి, మళ్ళీ పీచు కుక్కాలి. ఆలోచిస్తే ప్రతి దెబ్బా చేతితో కట్టిన తూటాయే! కొలతకు ఒక వెదురు గొట్టం. సీసం అమ్మ పాత గరిటెలోనే కరిగేది. ఆ గరిటెను మళ్ళీ వంటింట్లోకి రానిచ్చేది కాదు అమ్మ.

1988 కార్తీకమాసంలో ఒక రాత్రి పందులు పడ్డాయి. నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. నేను ఇంట్లోనే ఉన్నాను. వాడు మారాం చేసి నాన్నతో మంచె దగ్గరికి వెళ్ళాడు. తుపాకి పేలింది. పంది పడలేదు, తుంటికి దెబ్బతిని చెరకులోకి దూరింది. తెల్లవారగట్ల మా కంబారి దాన్ని వెతుకుతూ లోపలికి వెళ్ళాడు. అది ఎదురుతిరిగి తొడ చీల్చేసింది. బండి మీద శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, కాలు మాత్రం కుంటిపడింది. నాన్న మళ్ళీ తుపాకి ముట్టలేదు. ప్రతి సంక్రాంతికీ అతనింటికి బస్తా బియ్యం పంపేవాడు. 2009లో నాన్న పోయాక తుపాకిని పోలీసు స్టేషనులో ఒప్పజెప్పేశాం.

ఇంతవరకూ నాకు తెలిసిన కథ. తెలియనిది టెక్సాసులో ఆ రాత్రి విన్నాను. వెదురు గొట్టంతో మందు కొలిచి పోసింది తమ్ముడట. సరదాపడుతున్నాడని నాన్న వాడి చేతికిచ్చాడు. లాంతరు వెలుగులో చెయ్యి వణికి సగం నేలపాలైంది. తిడతాడని భయపడి, మట్టిని కాలితో కప్పేసి ఊరుకున్నాడు.

"ఆ పేలుడు చప్పుడు నాకింకా చెవుల్లో ఉందప్పా. గుండు నీరసంగా వెళ్ళింది."

ముప్పయి ఆరేళ్ళు వాడు ఈ మాట కడుపులో పెట్టుకున్నాడు. అప్పుడు నేను ఒక సంగతి చెప్పక తప్పింది కాదు. నాన్న చివరి రోజుల్లో ఏదో మాటమీద నాతో, "ఆ రాత్రి మందు తక్కువైందమ్మా, చప్పుడులోనే తెలిసింది" అన్నాడు. ఎందుకు తక్కువైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈ మాట విని తమ్ముడు చాలాసేపు తక్కెడ వంకే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చిన తరవాత ఒక ఆదివారం ఊరికి వెళ్ళాను. కంబారి ఇప్పుడు మనుమల చేతిమీద ఉన్నాడు. వీధి అరుగుమీద కూర్చుని, 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగుబంటి ఒక రైతును చంపి, కొందరిని గాయపరచిన కథ ఎవరికో చెపుతున్నాడు. జంతువు చేతిలో దెబ్బతిన్నవాడు గనుక ఆ విషయంలో ఊళ్ళో అతని మాటే ప్రమాణం.

"చినబావు ఎలాగున్నాడు తల్లీ?" అన్నాడు.

చెప్పాను. మందు నేలపాలైన సంగతి కూడా చెప్పాను. తమ్ముడు చెప్పమనే పంపించాడు.

ముసలాయన నోరు తెరచి నవ్వాడు. "ఓలమ్మా, అదేటి మాట! పొద్దెక్కినాక అందరం ఎల్దాం, ఒక్కడివీ ఎల్లొద్దని మీ నాయన మరీ మరీ సెప్పినాడు. నానే ఇనలేదు. ముందు నానే సూసినానని సెప్పుకుందామని ఎల్లినాను" అని కుంటికాలు చాపుకున్నాడు.

అక్కడినుంచే ఫోను కలిపి అతని చేతికిచ్చాను. అక్కడ అర్ధరాత్రి. తమ్ముడు ఏమన్నాడో నాకు వినబడలేదు. ముసలాయన మాత్రం కాసేపు "ఊఁ, ఊఁ" అన్నాడు, ఒకసారి పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తరవాత గొంతు సవరించుకుని అసలు సంగతిలోకి దిగాడు.

"అయితే బావూ, గుండు ఏపాటి బరువేటి? ... తులం పైనే? అబ్బో! ... పీచు ఏటి కుక్కుతున్నావు మరి?"