లక్ష్యమూ లక్షణమూ

ఉత్పలమాలను గుర్తించడానికి పద్యభావం తెలియనక్కరలేదు. పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలున్నాయా, పదవ అక్షరానికి యతి చెల్లిందా అని చూస్తే చాలు. ఇలా అమరికను బట్టి వెదకే పద్ధతి కంప్యూటర్ లోకంలోనూ ఉంది. దాని పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అమెరికన్ గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రచురించిన వ్యాసం దీనికి పునాది. 1968లో కెన్ థాంప్సన్ దానిని వ్రాతలో వెదకులాటకు సాధనంగా మలిచాడు.

సదుం విద్యార్థిని ఒకతె మదనపల్లె మార్కెట్టులోని టమోటా ధరలను చూపే వెబ్ పుటను తయారుచేస్తున్నదనుకోండి. ఆ పుటలోని అక్షరాల పరిమాణాన్నీ, రంగునూ, ఎడాన్నీ నిర్ణయించేది స్టైల్‌షీట్. అందులో ‘టొమాటో’ అన్నది నిజంగానే ఒక రంగు పేరు. ఎరుపు 255, ఆకుపచ్చ 99, నీలం 71 పాళ్లు కలిస్తే ఆ రంగు వస్తుంది. (బాగా పండిన కాయ ఎరుపు కాదు, దోరకాయ ఎరుపు.) తెల్లని పుట మీద ఆ రంగు అంకెలు ఎండలో నిలబడి ఫోను చూసే రైతుకు ఆనవు. ధర తెలియకపోతే పుట ఉండీ లేనట్టే. కనుక రంగును ముదురు ఎరుపుగా మార్చాలి.

‘టొమాటో’ ఉన్న ప్రతిచోటా మార్చమంటే యంత్రం మారుస్తుంది. రంగుతో పాటు, ధరల పట్టికకు ఆమె పెట్టిన ‘టొమాటో-ధర’ అనే పేరూ మారిపోతుంది. పుటలో మాత్రం పాత పేరే ఉంటుంది. రెంటికీ పొత్తు కుదరక పట్టిక రూపు చెదిరిపోతుంది. లక్షణం తన లక్ష్యాన్ని దాటి ఇతరాలకూ వర్తించడాన్ని తర్కశాస్త్రం అతివ్యాప్తి అంటుంది.

రంగు పేరుకు ముందు విసర్గ వంటి రెండు చుక్కలుంటాయి కదా, ఆ చుక్కల వెంటనే ఉన్నదానినే పట్టమంటే? పట్టిక అంచును చెప్పే వాక్యంలో గీత మందమూ రకమూ చెప్పిన తరువాతనే సాధారణంగా రంగు వస్తుంది. అది తప్పిపోతుంది. ఇది అవ్యాప్తి. అందుచేత ‘రెండు చుక్కలు, ఆపైన అర్ధవిరామమూ ఫ్లవర్ బ్రాకెట్టూ కాని గుర్తులు ఎన్నయినా, పిదప టొమాటో, దాని వెంట ఖాళీయో అర్ధవిరామమో ముగింపు బ్రాకెట్టో’ అని సూత్రం కట్టాలి. ఈ చివరి నియమం లేకుంటే టమోటా బొమ్మ ఉన్న ఫైలు పేరు కూడా వలలో పడుతుంది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. మౌస్ తాకినప్పుడు రూపం ఎలా మారాలో చెప్పే నియమాలలో రెండు చుక్కలు రంగు దగ్గర కాక పేర్ల వరుసలోనే వస్తాయి. అక్కడ ‘టొమాటో’ అనే పేరు ఒంటరిగా ఉంటే సూత్రం దానినీ పట్టుకుంటుంది. అందుకే ఆ విద్యార్థిని ‘అన్నీ మార్చు’ మీట నొక్కకుండా, చిక్కిన వరుసలను ఒక్కొక్కటిగా చూసి మారుస్తుంది.